ల్యాబులో ఒకటే కుళాయి

మొగుడు కొట్టిన దెబ్బకి చెల్లెలి కింది పెదవి చీలి కుట్లు పడిన రోజే బళ్ళో ల్యాబు పని మొదలైంది. పొద్దున ఆసుపత్రిలో చెల్లెలి పక్కన కూర్చుని, ఆమె నోట్లోంచి కారే నెత్తురు తుడిచిన కెమిస్ట్రీ టీచరు, ఎండ ముదిరే వేళకి బడికి వచ్చి ఆ మరిది చేతికే గది తాళం ఇచ్చింది.

ఇవ్వకుండా ఉండాల్సిందని తాళం ఇస్తున్నప్పుడే అనిపించింది. కానీ గ్యాసు లైను వెయ్యడం తెలిసిన ఫిట్టరు అతనొక్కడే దొరికాడు. అంతకుముందు వచ్చిన ఇద్దరూ గది చూసి, బల్లబల్లకీ బర్నరా, ఆమ్లం పోయే సింకులా, మావల్ల కాదమ్మా అని దండం పెట్టి పోయారు. మరిది ఆసుపత్రుల్లో ఆక్సిజన్ గొట్టాలు వేసినవాడు. పనిలో వంక పెట్టడానికి లేదు.

టీచరు ఆ బళ్ళో ఇరవై ఏళ్ళుగా సుద్దముక్కతోనే కెమిస్ట్రీ చెబుతోంది. ఆమె పిల్లలు నీలి లిట్మస్ ఎర్రబడుతుందని నిద్రలో లేపి అడిగినా చెప్తారు, లిట్మస్ కాగితాన్ని మాత్రం ఎవరూ కంటితో చూడలేదు. ఓసారి ఇంటి నుంచి స్పిరిట్ దీపం తెచ్చి, చిటికెడు ఉప్పు మంటలో వేసి పసుపు రంగు చూపించింది. అప్పటినుంచి ఆమె పేరు ఉప్పు టీచరైంది. అడగ్గా అడగ్గా హెడ్మిస్ట్రెస్ ఈ ఏడు విరిగిన బెంచీలు పడేసిన గది ఇచ్చింది. సెలవుల్లో పని పూర్తవ్వాలి, లేకపోతే గది కుట్టుమిషన్లకి పోతుందని ఖరాఖండిగా చెప్పింది. గదికి మిషన్లవాళ్ళు అప్పటికే కొలతలు తీసుకుని వెళ్ళారు.

అందుకని టీచరు తాళం ఇచ్చింది.

బళ్ళో మరిది వేరే మనిషి. గది కడగడానికి వచ్చిన ఆడపిల్లల్ని తల్లీ, జరుగు తల్లీ, కాలు మీద పైపు పడుతుంది అని పిలిచేవాడు. పైపు మరలకి తెల్ల టేపు చుట్టేటప్పుడు పసిపిల్లకి కట్టు కట్టినట్టు చుట్టేవాడు. ప్రతి అతుకు మీదా సబ్బు నురగ పూసి, బుడగ లేస్తుందేమోనని ఊపిరి బిగబట్టి చూసేవాడు. ఈ అంకుల్ నోట్లో వేలు పెట్టినా కొరకలేడు మేడమ్ అని పిల్లలు టీచరుతో అన్నారు. ఆమె ఆ మాట చెల్లెలికి చెప్పింది, ఎందుకు చెప్పిందో ఆమెకే తెలియదు.

చెల్లెలు నోటి మూల నుంచి మాట్లాడింది. "నవ్వించకే అక్కా, కుట్లు ఊడతాయి. వేలు కాదు, తల పెట్టి చూడమను."

చెల్లెలికి పెళ్ళికి ముందే నోటి దురుసు. పెళ్ళయ్యాక అది ఇంకా పదునెక్కిందే గాని తగ్గలేదు. అతను కొట్టడానికి కారణం చూసుకునేవాడు కాదు. ఓసారి తలుపు ఆలస్యంగా తీసిందని పీట విసిరాడు, పక్కటెముక విరిగింది. ఓసారి ఫోన్లో అక్కతో నవ్వుతోందని జుట్టు పట్టుకుని గోడకేసి కొట్టాడు. ఆ కొట్టుడు ఫోన్లో టీచరుకి వినిపించింది, టెంకాయ పగిలినట్టు. కొట్టాక తనే మందు తెచ్చేవాడు, రాసేవాడు. ఆ రాయడమే తనకి ఎక్కువ అసహ్యమని చెల్లెలు అనేది.

పెదవి చీలాక చెల్లెలు మొదటిసారి నోరు తెరిచి అడిగింది, నేనూ పిల్లా వచ్చి నీ దగ్గర ఉంటామని. టీచరు ఇంట్లో వెనకగది ఖాళీగానే ఉంది. భర్త పోయినప్పటినుంచీ ఆ గదిలో ఇస్త్రీ బల్ల తప్ప ఏమీ లేదు. రమ్మనాల్సింది. కానీ చెల్లెలు అక్కడికి వచ్చేస్తే మరిది పని వదిలేస్తాడు. కాస్త ఆగు, పైపులు సగంలో ఉన్నాయి, అయిపోగానే నేనే వచ్చి తీసుకొస్తానంది.

"నా ఎముకలూ సగంలోనే ఉన్నాయి" అంది చెల్లెలు. కోపంగా కాదు, లెక్క ఒప్పజెప్పినట్టు.

రోజులు గడిచాయి. గ్యాసు లైను గోడ వెంబడి పాకింది. బల్లలకి నల్లటి పలకలు బిగిశాయి. గాజు సామాను అట్టపెట్టెల్లో వచ్చింది. బీకర్లు, బ్యూరెట్లు, పరీక్షనాళికల కట్టలు. టీచరు గడ్డిలోంచి ఒక్కొక్కటీ తీసి వెలుతురుకి పట్టి చూసింది. నాలుగు సింకులు, నాలుగు కుళాయిలు. వాటిలో ఒక్కదానికే నీళ్ళు వచ్చేవి. మిగిలిన మూడూ ఎప్పుడని ఆమె అడిగితే, తొందరేముంది వదినా, నేనెక్కడికి పోతాను అనేవాడు. తను నోరు మూసుకుని ఉన్నంతకాలం కుళాయిలు ఒక్కొక్కటే తిరుగుతాయని ఆమెకి అర్థమైంది. అర్థమైనా సామాను సర్దుకుంటూ పోయింది.

గది ఎలా పనిచేస్తుందో చూద్దామని ఓరోజు పదో తరగతి పిల్లల్లో కొందరిని పిలిచింది. చెల్లెలి కూతురూ వచ్చింది. అప్పుడు మరిది గది చివర నిచ్చెన మీద ఉన్నాడు. పిల్లలకి ముందు ఊరికే నీళ్ళు కొలవడం నేర్పింది. కన్ను గీతకి సమానంగా ఉండాలి, నీటి వంపు అడుగు చూడాలి అని చెబుతుండగా ఎక్కడో గాజు చిట్లిన చప్పుడైంది. ఎవరని అడిగింది. ఎవరూ పలకలేదు. నేలమీదా ముక్కలు లేవు.

మళ్ళీ పాఠంలో పడింది. కాసేపటికి ఒక పిల్ల, మేడమ్, నెత్తురు అంది.

చెల్లెలి కూతురు కుడిచెయ్యి వీపు వెనక పెట్టుకుని నిలబడి ఉంది. వేళ్ళ సందుల్లోంచి చుక్కలు కారి తెల్లటి టైలు మీద వరసగా పడుతున్నాయి. టీచరు ఆ చెయ్యి ముందుకి లాగి వేళ్ళు విప్పబోయింది. పిల్ల విప్పనివ్వలేదు. బలవంతాన ఒక్కో వేలూ విడదీస్తే, అరచేతిలో చిన్న బీకరు ముక్కలు మాంసంలో దిగి ఉన్నాయి. పగిలిన గాజు ఎవరి కంటా పడకుండా ఆ పిల్ల అన్ని ముక్కలూ ఏరి పిడికిట్లో దాచి, నొప్పి ముఖంలో కనపడనివ్వకుండా పాఠం వింటూ నిలబడింది. మిగిలిన పిల్లలకి ఈ పని పిచ్చిగా కనపడింది. టీచరుకి కాదు. ఆ ఇంట్లో పగిలిన వస్తువు చప్పుడు కన్నా దాని ముక్కలు కనపడటమే ప్రమాదం.

"నాన్నకి చెప్పకు పెద్దమ్మా" అంది పిల్ల. పెదాలు కదపకుండా.

ఆపాటికే అతను నిచ్చెన దిగాడు. మెల్లగా వచ్చాడు. కూతురి జడ చేతికి చుట్టుకుని నుదురు బల్ల అంచుకేసి ఒక్కసారి మోదాడు. చప్పుడు పెద్దగా రాలేదు. పిల్ల ఏడవలేదు కూడా. మిగతా ఆడపిల్లలు గోడకి అంటుకుపోయారు. ఒకతి భయంతో నిలబడ్డచోటే బట్టలు తడుపుకుంది.

ఇది బడి, ఇక్కడ చెయ్యి ఎత్తకు అంది టీచరు.

మరిది జడ వదిలాడు. జేబులోంచి గుడ్డ తీసి చేతులు తుడుచుకున్నాడు. నవ్వాడు కూడా. "నా కూతురు, వదినా. నీ సామాను పగలగొడితే నేను కాక ఎవరు బుద్ధి చెప్తారు?" అని, పైపు రెంచి సంచీలో వేసుకుని, ఆగిపోయిన మూడు కుళాయిల వంకా చూసి, పోనీ ఇంకెవరినైనా పిలిపించుకో అంటూ వెళ్ళిపోయాడు.

మర్నాడు రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. కుట్టుమిషన్లవాళ్ళు మళ్ళీ వచ్చి గుమ్మంలో నిలబడి గది చూసుకుని వెళ్ళారు. సాయంత్రం టీచరు మరిది ఇంటికి వెళ్ళింది.

అతను కుర్చీ వేశాడు. చెల్లెలు టీ తెచ్చింది. గ్లాసు అందిస్తూ వంగినప్పుడు మెడచుట్టూ వేళ్ళ గుర్తులు కనిపించాయి. కొన్ని పాతవి, పచ్చగా మారినవి. కొన్ని కొత్తవి, ఊదా రంగువి. బొటనవేలి గుర్తు గొంతు గుంట మీద ఉంది. టీచరు చూసిందని చెల్లెలు చూసింది. టీచరు టీ తాగింది. రేపు పనికి రమ్మని మరిదిని బతిమాలింది. పెద్దదానివి, ఇంటిదాకా వచ్చి అడిగావు, నీ మాట కాదంటానా వదినా అన్నాడు.

గుమ్మం దాకా సాగనంపడానికి వచ్చిన చెల్లెలు, టీ బాగుందా అక్కా అని అడిగింది. దారి పొడుగునా ఆ మాట టీచరు వెన్నంటే వచ్చింది.

అతను వచ్చి గ్యాసు లైను పూర్తి చేశాడు. కుళాయిలు మాత్రం ముట్టుకోలేదు.

ల్యాబు తెరవడానికి ఇక రెండు రోజులుంది. మధ్యాహ్నం బడి ఖాళీగా ఉంది. టీచరూ చెల్లెలి కూతురూ అరల్లో సీసాలు పెడుతున్నారు. పిల్ల నుదుటి మీద వాపు తగ్గలేదు, అరచేతికి కట్టు ఉంది. పొడులు పైన, ద్రవాలు కింద. ఆమ్లాలు అన్నిటికన్నా కింద, నేలకి దగ్గరగా, జారినా ముఖం మీద పడకుండా. ఆ వరస టీచరే పెట్టింది.

వరండాలో పరుగు వినిపించింది. చెల్లెలు చెప్పులు లేకుండా లోపలికి వచ్చి పడింది. ఎడమచెవి తమ్మె తెగి వేలాడుతోంది. నెత్తురు మెడ మీదుగా దిగి బట్టల్ని వంటికి అంటించింది. తలుపు వెయ్యి అంది. టీచరు గడియ పెట్టింది. పిల్లని బల్ల కిందికి తోసింది.

ఏం జరిగిందని అడిగే వ్యవధి లేదు. తర్వాత తెలిసింది, మీ అక్క నా ముందు చేతులు కట్టుకుని నిలబడింది చూశావా అని అతను అంటే, ఆమె నిలబడింది నీకోసం కాదు, నీ రెంచి కోసం అని చెల్లెలు నవ్విందట.

రెండో దెబ్బకే గడియ ఊడిపోయింది. మరిది చేతిలో పైపు రెంచి ఉంది, మోచెయ్యంత పొడుగుది. టీచరు అడ్డం నిలబడి చెయ్యి చాచింది. అతను ఆమెని చూడనైనా చూడలేదు, దారిలో కొమ్మని కొట్టినట్టు కొట్టాడు. ఎడమచేతి వేళ్ళు రెండు వెనక్కి వంగిపోయాయి. నొప్పి తర్వాత వచ్చింది. ముందు ఆ వేళ్ళు తనవి కావనిపించింది. రెండో విసురు అర మీద పడింది. బ్యూరెట్లూ బీకర్లూ పరీక్షనాళికలూ వానలా రాలాయి. అతను ఆ గాజులోంచే నడిచి చెల్లెలి చీలమండ పట్టుకుని ఈడ్చాడు. ఆమె వీపు కింద గాజు పటపటలాడింది. కడుపులో తన్నాడు. ఆమె మూలిగింది, పాకింది, అడుగు అర దాకా పాకి లేచి గోడకి ఆనుకుంది. లేచేసరికి ఆమె రెండు చేతుల్లో పెద్ద గోధుమరంగు సీసా ఉంది.

మీద చీటీ టీచరు చేతిరాతే. సల్ఫ్యూరిక్ ఆమ్లం, గాఢం.

మరిది ఆగాడు. అతనికి చదువు తక్కువేమీ కాదు, చీటీ చదివాడు. రెంచి కిందికి దించాడు. కళ్ళు చెల్లెలి మీదే ఉంచి, మాట మాత్రం టీచరుతో అన్నాడు. "వదినా, కింద పెట్టమను. అదేంటో దానికి తెలీదు."

గొంతులో మళ్ళీ ఆ మర్యాద. టీచరుకి ఒక్క మాట చాలు. కింద పెట్టవే అంటే చెల్లెలు పెట్టేది. అక్క మాట ఎన్నడూ జవదాటలేదు. పెట్టాక ఏమవుతుందో కూడా టీచరుకి తెలుసు. బల్ల కింద పిల్ల మోకాళ్ళ మీద ఉండి పెద్దమ్మ ముఖమే చూస్తోంది.

"దానికి తెలుసు" అంది టీచరు. తర్వాత చెల్లెలితో, తరగతిలో చెప్పే గొంతుతోనే అంది. "మూత నీకు దూరంగా తిప్పుకుని తియ్యి, చెల్లీ."

చెల్లెలు మూత తిప్పింది. అతను మీదికి దూకాడు. సీసా ఎవరి చేతిలోంచి జారిందో చెప్పడం కష్టం. ఇద్దరి మధ్యా నేలకి కొట్టుకుని పగిలింది. అతని కుడిచెయ్యి మోచేతి దాకా తడిసింది. చెల్లెలి ఎడమపాదం మీద ఒలికింది. క్షణం ఎవరూ అరవలేదు, నీళ్ళే పడ్డాయేమో అన్నట్టు. ఆ వెంటనే చొక్కా చెయ్యి పొగలు కక్కుతూ జల్లెడైంది. ఇద్దరూ ఒకేసారి అరిచారు.

పనిచేసే కుళాయి ఒకటే.

మరిదే ముందు చేరాడు. ఆ కుళాయి ఏదో అతనికి తెలియకపోవడమేమిటి. మిగతావి బిగించనిది అతనే. మర తిప్పి చెయ్యి కింద పెట్టాడు. టీచరు పక్కనున్న, బ్యూరెట్టు బిగించే ఇనప స్టాండు కుడిచేత్తో ఎత్తి అతని చెవి మీద కొట్టింది. అతను తూలాడు, సింకు అంచు వదల్లేదు. భుజం మీద మళ్ళీ కొట్టింది. అడుగున ఉన్న బరువైన దిమ్మ ఎముకకి తగిలిన చప్పుడు ఆమె అరచేతి దాకా వచ్చింది. మూడోదానికి అతను పడ్డాడు. టీచరు విరిగిన వేళ్ళతోనే చెల్లెల్ని సింకు మీదికి ఎక్కించి పాదం ధార కింద పెట్టింది. స్టాండు మాత్రం దించలేదు. అతను పాకుతూ దగ్గరికి వస్తే కొట్టడానికి ఎత్తే ఉంచింది.

నీళ్ళు వదినా, నీళ్ళు అని అతను ఏడ్చాడు. చెయ్యి గాల్లో పట్టుకుని అటూ ఇటూ దొర్లాడు. చర్మం ముందు తెల్లబడి, తర్వాత గోధుమరంగుకి తిరుగుతోంది. ఎలా తిరుగుతుందో ఆమె పుస్తకంలో చదివిందే, కంటితో చూడటం మొదటిసారి. చెల్లెలి పాదం మీద నీళ్ళు పోతున్నాయి, ఇంకా పోనీ, ఇంకా పోనీ అనుకుంది. అతని అరుపులు గదంతా నిండాయి. ఆమెకి జాలి పుట్టలేదు. పుట్టదేమిటా అని కూడా అనిపించలేదు.

బల్ల కింద నుంచి పిల్ల బయటికి వచ్చింది. గాజు మీద నుంచే పరుగెత్తి వరండా చివరి గదిలోంచి బకెట్టు నీళ్ళు మోసుకొచ్చింది. తండ్రి దగ్గర ఆగి, పెద్దమ్మ వంక చూసింది. టీచరు ఔననలేదు, కాదనలేదు. పిల్ల బకెట్టు వంచింది. మళ్ళీ వెళ్ళి తెచ్చింది. వాచ్‌మన్ వచ్చేదాకా అలా పోస్తూనే ఉంది.

సాయంత్రానికి ముగ్గురూ ఒకే ఆసుపత్రిలో ఉన్నారు. మరిది పై అంతస్తులో, టీచరూ చెల్లెలూ కింద వార్డులో పక్కపక్క మంచాల మీద. పాదం నిలుస్తుందన్నారు. అతని చేతికి చర్మం అతకాలన్నారు, వేళ్ళు మునుపటిలా ముడుచుకోవడం అనుమానమేనన్నారు.

పిల్లని బయట బల్ల మీద కూర్చోబెట్టి హెడ్మిస్ట్రెస్ లోపలికి వచ్చింది. చెడ్డ మనిషి కాదు, ఇద్దరికీ పళ్ళు తెచ్చింది. పోలీసులు వస్తున్నారని మెల్లగా చెప్పింది. సామాను సర్దుతుంటే సీసా జారి పగిలిందని, ఫిట్టరు సాయపడబోతే అతని మీదా పడిందని చెప్తే గొడవే ఉండదంది. పై అంతస్తుకి వెళ్ళి అతనితోనూ మాట్లాడి వచ్చింది, అతను ఒప్పుకున్నాడు. పోయిన గాజు సామాను మళ్ళీ తెప్పించుకోవచ్చు, నెల ఆలస్యంగానైనా ల్యాబు తెరుస్తామంది. అలా కాకుండా ఆమ్లంతో దాడి అని ఒక్క మాట బయటికి వచ్చిందో, ఆ గదికి ఇక జన్మలో తాళం తియ్యరు. టీచరు ఉద్యోగం ఉంటుందని కూడా తను చెప్పలేనంది.

ప్రమాదమే అయితే మరిది మీద కేసు ఉండదు. కేసు లేకపోతే కట్లు విప్పగానే ఎవరింటికి వాళ్ళు వెళ్ళాలి. ఆ సంగతి హెడ్మిస్ట్రెస్ అనలేదు. అనాల్సిన పని లేదు.

ఆమె నీళ్ళు తాగడానికి బయటికి వెళ్ళినప్పుడు చెల్లెలు ఇటు తిరిగింది. ముఖం మీద కుట్లు, చెవి చుట్టూ కట్టు.

"ప్రమాదమనే చెప్పెయ్ అక్కా. ఇరవై ఏళ్ళ నుంచి ఆ గది కోసం ఏడుస్తున్నావు. ఇక అతను ఎడమచేత్తో కొట్టాల్సిందేగా, అంత గట్టిగా తగలదులే."

తన మాటకి తనే నవ్వబోయి పెదవి పట్టుకుంది. టీచరు ఆమె వంక చూడలేకపోయింది. ఆ ఇంట్లో తాగిన టీ గొంతులోకి వచ్చినట్టనిపించింది.

పోలీసు అధికారి వచ్చి రెండు మంచాల మధ్య కుర్చీ వేసుకున్నాడు. హెడ్మిస్ట్రెస్ కిటికీ దగ్గర నిలబడింది. ప్రమాదమని విన్నాను, అంతేనా అమ్మా అని టీచరుని అడిగాడు.

"కాదు" అంది టీచరు.

పెదవి దగ్గర మొదలుపెట్టింది. పక్కటెముక, గోడ, మెడ మీద వేళ్ళు, బల్ల అంచుకి తగిలిన పిల్ల నుదురు, రెంచి. తను చూసినవి చూసినట్టు, విన్నవి విన్నట్టు విడదీసి చెప్పింది. తాళం ఇచ్చింది తనేనని చెప్పింది. అన్నీ తెలిసే అతన్ని ఇంటికి వెళ్ళి బతిమాలానని చెప్పింది. అధికారి రాసుకుంటూ మధ్యలో తలెత్తాడు. సీసా మూత తియ్యమన్నది ఎవరని అడిగాడు. నేనే అంది. అతను కుళాయి దగ్గర ఉండగా కొట్టింది ఎవరు? నేనే. హెడ్మిస్ట్రెస్ టీచరమ్మా అని ఒకసారి పిలిచింది, గట్టిగా కాదు.

అధికారి కలం ఆపాడు. "నీళ్ళు ఆలస్యమైతే గాయం లోతుకి పోతుందని మీకు తెలుసా?"

"తెలుసు. పిల్లలకి నేర్పేది నేనే."

"తెలిసే ఆపారా?"

"తెలిసే."

ఇది రాస్తే మీ మీద కూడా కేసు ఉంటుందని చెప్పాడు. రాయమంది. అతను రాయడం మొదలుపెట్టాక హెడ్మిస్ట్రెస్ చేతిసంచీ తీసుకుని బయటికి వెళ్ళిపోయింది. ఆమె చెప్పుల చప్పుడు వరండా చివరిదాకా వినపడింది. ఆ చప్పుడుతో గది పోయిందని టీచరుకి తెలిసింది. నల్ల పలకల బల్లలు, గోడ వెంట పాకిన లైను, ఒక్కసారీ వెలగని బర్నర్లు.

అధికారి చెల్లెలి వైపు తిరిగి, ఆసుపత్రి నుంచి వెళ్ళాక ఎక్కడ ఉంటారు, చిరునామా కావాలన్నాడు. చెల్లెలు నోరు తెరిచేలోపల టీచరు తన ఇంటి నంబరూ వీధీ చెప్పింది.

పిల్ల కూడా అక్కడేనా అని అడిగాడు.

"ఇద్దరూ" అంది టీచరు. వెనకగదిలోంచి ఇస్త్రీ బల్ల తీయించాలి, మంచాలు రెండు వెయ్యాలి. తలుపుకి లోపలి వైపు గడియ లేదు, అది ముందు పెట్టించాలి.